నడుము కొలత

గులికో వచ్చింది, మేనకోడలి పెళ్ళికి గౌను కావాలని.
ముదురు నీలం గుడ్డ, లోపలికి పట్టు.
కుతాయిసిలో మా ఇంటి మెట్లు ఇరవై రెండే,
ఎక్కేసరికి ఆయాసం.
కుర్చీలో కూలబడి నవ్వింది:
"లావయ్యాను త్సియాలా, తిట్టకు."

మెడలోంచి టేపు తీశాను.
ముప్ఫై ఏళ్ళుగా నా మెడలో ఉన్నది అదొక్కటే.
గొలుసు ఎప్పుడో అమ్మేశాను,
కరెంటూ కట్టెలూ లేని ఆ చలికాలంలో.

నడుము ఎనభై ఎనిమిది.
పుస్తకం వెనక్కి తిప్పాను.
మార్చిలో ఎనభై ఒకటి.
జూన్‌లో ఎనభై నాలుగు, పక్కనే పెన్సిలుతో
"కుట్టు వదిలాను" అని నా చేతిరాత.
సరే, వయసు.
సరే, రొట్టె, జున్ను, చెల్లెలింట్లో విందులు.
మరి చేయి?
ముప్ఫై ఉండే దండ ఇరవై ఏడుకి దిగింది.
భుజం ఎముక టేపుకి గట్టిగా తగులుతోంది.
లావయ్యే మనిషి అంతటా లావవుతుంది కదా,
గుడ్డకి కూడా తెలుసు ఆ సంగతి.

"సరిగా తింటున్నావా?"
"రెండు ముక్కలకే నిండిపోతుంది."
"రాత్రిళ్ళు?"
"నాలుగుసార్లు లేస్తాను. నీళ్ళెక్కువ తాగుతానేమో."
"ఎన్నాళ్ళుగా?"
"ఎవరు లెక్కపెట్టారు!"

నోట్లో నాలుగు గుండుసూదులున్నాయి.
అవి ఉన్నంతసేపూ మాట్లాడక్కర్లేదు.

నాజిబ్రోలా గుర్తొచ్చింది.
ముట్లుడిగి ఏడేళ్ళయిన మనిషి
వేసవి లంగాకి, తెల్లదానికి,
లోపల నల్ల గుడ్డ వెయ్యమంది.
"ఎందుకు?" అని నేను అడగలేదు.
మంచి కుట్టుమనిషి అడగదని మా అమ్మ నేర్పింది.
తెల్లదాని కింద నల్లది కనబడకుండా
ఎంత బాగా కుట్టానో!
అందరూ మెచ్చుకున్నారు.
ఆ తర్వాత ఆమెకి కుట్టింది ఇంకొక్కటే.
దానికి కొలతలు తీసుకోవాల్సి రాలేదు,
కళ్ళతో చూసి కుట్టాను.

ఆడవాళ్ళం అన్నీ కడుపులో పెట్టుకుంటాం.
అత్త మాట, అప్పువాడి మాట,
మొగుడు తాగొచ్చి అన్న మాట.
అక్కడికి ఇంకేదో వచ్చి కూర్చుంటే
దానికీ కాస్త జరిగి చోటిస్తాం,
అలవాటు కొద్దీ.

గుండుసూదులు అరచేతిలోకి ఉమ్మేశాను.
"గులికో, నేను డాక్టర్ని కాను.
గాలి కావచ్చు, అజీర్తి కావచ్చు, ఏమీ కాకపోవచ్చు.
కానీ నడుము పెరుగుతోంది, నువ్వు తరుగుతున్నావు.
ఈ వారమే వెళ్ళు. కడుపు స్కాన్ చెయ్యమను.
గ్యాస్ బిళ్ళలిచ్చి పంపిస్తే కదలకు,
కుర్చీలో అలాగే కూర్చో."

ఎర్రబడింది.
"కుట్టేదానివి కుట్టు" అంది.
కోటు గుండీలు తప్పు పెట్టుకుని
మెట్లు దిగిపోయింది.
ఇరవై రెండూ లెక్కపెట్టాను.
మధ్యలో ఒకసారి ఆగింది.

గౌను కొయ్యబొమ్మ మీదే ఉంది,
నడుము దగ్గర కుట్టు లేదు, ఉత్త సూదులు.
బజారుకెళ్ళాను, రేగు పచ్చడికి కాయలు కొన్నాను,
వండలేదు, మెత్తబడిపోయాయి.
ఆమె వీధిలోంచి నడవకుండా
వంతెన చుట్టూ తిరిగి ఇంటికొచ్చాను.
నోరు జారానా?
నాజిబ్రోలా దగ్గర జారని నోరు
ఇప్పుడెందుకు జారింది?

పదకొండో రోజు ఫోను.
వెనకాల ట్రాలీ చప్పుడు, ఎవరిదో దగ్గు,
తలుపు వేసి తీసిన శబ్దం.
పలకరింపు లేదు, తిట్టూ లేదు.
"ఎప్పట్నుంచి అని అడుగుతోంది డాక్టరమ్మ.
నాకేం తెలుసు?
నీ పుస్తకం ఉందా?"

ఉంది.
చేయి వణికి పేజీ రెండుసార్లు తప్పిపోయింది.
"మార్చి తొమ్మిది, ఎనభై ఒకటి.
జూన్ రెండు, ఎనభై నాలుగు.
దండ..."

"నెమ్మదిగా చెప్పు" అంది గులికో,
"రాసుకుంటున్నారు."